కాటా గుమాస్తా

తుంగభద్ర ఎడమ కాలువ కింద, సింధనూరు తాలూకాలో ఒక తెలుగువాళ్ళ క్యాంపు ఉంది. 1953లో డ్యాం పూర్తయి కాలువకు నీళ్ళు వచ్చాక గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి రైతులు వచ్చి, నల్లరేగడి చేలు కొని, చదును చేసి, మడులు కట్టి రాయచూరు జిల్లాలో వేసుకున్న క్యాంపుల్లో అదొకటి. క్యాంపు దాటగానే రోడ్డు మీద ఒక రైస్ మిల్లు. మిల్లు ముగ్గురు అన్నదమ్ములది. కడగొట్టు తమ్ముడు కాలం చేశాక అతని వాటా భార్య చూసుకునేది. క్యాంపులో చిన్నా పెద్దా అందరూ ఆమెను చిన్నమ్మ అనే పిలిచేవారు.

ఆ మిల్లుకు ఒక కాటా గుమాస్తా ఉండేవాడు. వేబ్రిడ్జి పక్క గదిలో అతని కుర్చీ. ధాన్యం బండి కాటా ఎక్కగానే నిండు తూకం రాసేవాడు. సంచిలోంచి గుప్పెడు గింజ తీసి, రెండు వేళ్ళ మధ్య నలిపి తేమ ఎంతో చెప్పేవాడు. తర్వాత మీటర్లో పోసి చూస్తే అంకె అటూ ఇటుగా అదే వచ్చేది. బండి ఖాళీ అయి తిరిగి వచ్చాక ఖాళీ తూకం, తరుగు, హమాలీ కూలి, పట్టీ. క్యాంపు రైతులతో తెలుగు, మస్కి వైపు నుంచి వచ్చిన రైతులతో కన్నడం, బీహారు హమాలీలతో హిందీ. సీజన్లో రోజుకు నలభై బండ్లు దిగినా అతని పట్టీలో పైసా తేడా వచ్చేది కాదు. పెద్దన్న కూడా లెక్కకు సందేహం వస్తే అతన్నే అడిగేవాడు.

ఒక కార్తీక మాసం రాత్రి ఆఖరి లారీ పంపించి బైకు మీద ఇంటికి బయలుదేరాడు. కోతలు జోరుగా ఉన్నాయి. తారురోడ్డు మీద సగం మేర ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేర్చారు. ఎదురుగా వచ్చే లారీ లైట్లకు కళ్ళు చెదిరాయి. ముందు చక్రం రాయి ఎక్కింది. హెల్మెట్ పెట్రోలు ట్యాంకు మీద ఉంది.

సింధనూరు, అక్కణ్ణుంచి రాయచూరు, అక్కణ్ణుంచి బెంగళూరు. తలలో గడ్డకట్టిన రక్తం తీశారు. ఇరవై రోజులు మనిషి ఈ లోకంలో లేడు. తర్వాత కళ్ళు తెరిచాడు, లేచి కూర్చున్నాడు, పట్టుకుంటే నడిచాడు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు భార్యతో అన్నాడు: "నడక త్వరగా వచ్చేస్తుందమ్మా. ఓపిక, జ్ఞాపకం, ఒకేసారి రెండు పనులు చూసుకునే శక్తి మెల్లగా వస్తాయి. కొంత రాకపోవచ్చు కూడా." ఆమెకు మొదటి మాట ఒక్కటే వినిపించింది.

ఉగాది నాటికి తల మీద మచ్చను జుట్టు కప్పేసింది. క్యాంపులో అందరూ "పూర్తిగా బాగయ్యాడు" అన్నారు.

పెద్దన్నకు అతనంటే ప్రాణం. "నీ కుర్చీలో ఇంకొకణ్ణి కూర్చోబెట్టలేదురా. రేపటినుంచి వచ్చేయ్" అన్నాడు. అది రబీ కోతల కాలం. మొదటి గంట గుమాస్తా పాత గుమాస్తాలాగే ఉన్నాడు. పది కల్లా కాటా ముందు మూడు ట్రాక్టర్లు హారన్లు కొడుతున్నాయి. వెనక డ్రయ్యరు, ఎలివేటరు హోరు. చేతిలో ఫోను మోగుతోంది. మేస్త్రీ కిటికీలోంచి సంచుల లెక్క అడుగుతున్నాడు. గుమాస్తా నిండు తూకం గడిలో ఖాళీ తూకం రాశాడు. రైతు చూసి అడిగితే, "దొంగలంతా ఈ మిల్లుకే వస్తారు" అని అరిచాడు. జన్మలో అతని నోట అలాంటి మాట ఎవరూ వినలేదు. పదకొండుకు బల్ల మీద తల వాల్చేశాడు.

"పొద్దున్నే తాగొచ్చాడా ఏంటి?" అని ఒక రైతు పక్కవాణ్ణి అడిగాడు.

పెద్దన్న తొమ్మిది రోజులు ఓర్చుకున్నాడు. పదో రోజు, "చూడటానికి గుండ్రాయిలా ఉన్నావు. నువ్వు మనసు పెట్టడం లేదురా" అని ఇంటికి పంపేశాడు. పంపేటప్పుడు ఆయన కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి.

రెండో అన్న జాలిగుండె మనిషి. "పాపం, చావు తప్పించుకుని వచ్చినవాణ్ణి మళ్ళీ ఆ గోలలోకి తోస్తామా? ఇంట్లో కూర్చోనీ, నెల నెలా జీతం నేను పంపిస్తా" అన్నాడు. అన్నట్టే పంపాడు.

గుమాస్తా రోజూ ఎనిమిదింటికి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, జేబులో పెన్ను పెట్టుకుని అరుగు మీద కూర్చునేవాడు. మిల్లు సైరన్ వినేవాడు. రోడ్డు మీద పోయే ధాన్యం బండ్లు లెక్కపెట్టేవాడు. సాయంత్రానికి లెక్క తప్పితే ఇంట్లో గిన్నె ఎగిరి గోడకు తగిలేది. పిల్లలు నాన్న ముందుకు రావడం మానేశారు. మూడో నెల జీతం కవరు పట్టుకుని మిల్లుకు నడిచి వచ్చి రెండో అన్న బల్ల మీద పెట్టాడు.

"పని చెయ్యకుండా తీసుకుంటుంటే అన్నం ముద్ద దిగడం లేదండీ" అన్నాడు.

ఆ పూట చిన్నమ్మ ఆఫీసులోనే ఉంది. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళింది. గుమాస్తాను పలకరించి, అతని భార్యను కూడా పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది: "ఏ వేళప్పుడు బాగుంటాడు? ఎప్పుడు చెడతాడు? నీకు తెలిసింది చెప్పు."

"పొద్దున ఎనిమిది నుంచి పదిదాకా మునుపటి మనిషేనమ్మా. పదకొండుకు మొహం వాడిపోతుంది. చీకటి గదిలో గంటసేపు పడుకుంటే మళ్ళీ తేటపడతాడు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే తట్టుకోలేడు. నోటితో నాలుగు పనులు చెబితే రెండు మర్చిపోతాడు. కాగితం మీద రాసి ఇస్తే ఒక్కటి కూడా వదలడు."

"ఇంత తెలిసినదానివి, ఎవరికీ చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదమ్మా."

మర్నాడు చిన్నమ్మ ఒక నోటుపుస్తకం తీసుకుని వేబ్రిడ్జి గదిలో కూర్చుంది. అప్పటికి వేరే కుర్రవాడు ఆ పని చూస్తున్నాడు. నాలుగు రోజులు అతను చేసిందల్లా ఒక్కొక్కటీ వరసగా రాసింది. "కాటా పని" అని అందరూ ఒక్క మాటలో చెప్పేది, రాసి చూస్తే ఇరవై మూడు పనులు. హోరులో చెయ్యాల్సినవాటి ఎదురుగా ఒక గీత పెట్టింది. తొందరపడి చెయ్యాల్సినవాటికి ఇంకో గీత. జనంతో మాట్లాడుతూ చెయ్యాల్సినవాటికి మూడో గీత. ఏ గీతా పడనివి అయిదు మిగిలాయి. వాటిలో మొదటిది గోడౌనులో లాట్లు లెక్కపెట్టి రిజిస్టరులో ఎక్కించడం.

ముగ్గురు వాటాదార్లు కూర్చున్నారు.

పెద్దన్న అన్నాడు: "మిల్లులో సగం మనిషిని పెట్టుకోగలమా అమ్మా? పూర్తిగా నయమయ్యాక రమ్మందాం."

రెండో అన్న అన్నాడు: "వాణ్ణి కష్టపెట్టడం ఎందుకు? నేనేమన్నా జీతం ఆపానా?"

చిన్నమ్మ అంది: "బావగారూ, 2024 ఆగస్టులో మన డ్యాంకు పంతొమ్మిదో గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు మీరూ వెళ్ళి చూశారు. అంత పారే నీళ్ళలో అరవై అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల ఎత్తు గేటును ఒక్కటిగా దించడం ఎవరి తరమూ కాలేదు. గేట్ల నిపుణులు కన్నయ్య నాయుడు గారు ఏం చేశారు? నాలుగేసి అడుగుల ఎత్తున అయిదు ముక్కలు చేయించారు. ఒకటి దించి, అది కుదురుకున్నాకే రెండోది. వారం తిరిగేసరికి నీళ్ళు ఆగాయి, మన ఖరీఫు బతికింది. ఈ మనిషికి మనం రెండే చూపించాం. మొత్తం గేటు ఒక్కసారి ఎత్తమన్నాం. ఎత్తలేకపోతే ఇంటికి పొమ్మన్నాం. ముక్క ఎవరిచ్చారు?"

ఇద్దరూ మాట్లాడలేదు. కాసేపటికి పెద్దన్న, "జీతం సంగతి?" అన్నాడు.

"చేసిన గంటలకు జీతం. గంటలు పెరిగితే అదీ పెరుగుతుంది. మందులకు రెండో బావగారు ఇవ్వదలుచుకున్నది వేరే పద్దు. రెండూ కలిపితే అతనికి తన సంపాదన ఎంతో తెలియదు."

పని అలా మొదలైంది. పొద్దున ఎనిమిది నుంచి పదివరకు, గోడౌనులో. లోపల బస్తాలు, బయట వేపచెట్టు, మిషన్ల హోరు అంతగా చేరని చోటు. గోడకు ఒక అట్ట. దాని మీద వరసగా ఆరు మాటలు: తాళం తియ్యి. లాటు నంబరు చూడు. వరసలు లెక్కపెట్టు. రాయి. నిన్నటి అంకెతో సరిచూడు. మేస్త్రీకి చూపించు. పని చెప్పేది చిన్నమ్మ ఒక్కతే. ఇంకెవరు ఏం చెప్పినా, "అమ్మగారికి చెప్పండి" అనడం అతని హక్కు. ముసలి హమాలీ మేస్త్రీ మొదట్లో రెండు గంటలూ పక్కనే ఉన్నాడు. పదిహేను రోజులకు మొదటి పావుగంట, చివరి పావుగంట మాత్రం వచ్చేవాడు. నెల తిరిగేసరికి చివర్లో రిజిస్టరు చూసి సంతకం పెట్టి వెళ్ళేవాడు.

మూడు వారాలు తప్పు లేకుండా గడిస్తే తర్వాతి ముక్క. మధ్యాహ్నం నిద్రపోయి లేచాక, పొద్దుటి పట్టీలను కాటా పుస్తకంతో సరిపోల్చడం రెండోది. వినాయకచవితికి ముందు, మిల్లు తీరికగా ఉండే రోజుల్లో కాటా మూడోది. అదైనా క్యాంపు ట్రాక్టర్లు మాత్రమే, ఒకదాని తర్వాత ఒకటి, ఫోను కుర్రవాడి దగ్గర.

చవితి ముందు రోజు మిల్లులో పేమెంట్లు. కుర్రవాడు రాలేదు. చిన్నమ్మ ఊళ్ళో లేదు. పెద్దన్న, "ఇప్పుడు బాగానే ఉన్నావుగా, ఈ ఒక్కపూట క్యాష్ దగ్గర కూర్చో" అన్నాడు. అయ్యగారి మాట కాదనలేక కూర్చున్నాడు. కిటికీ చుట్టూ ముప్ఫై మంది రైతులు. పన్నెండింటికి పుస్తకం గాల్లోకి ఎగిరింది. దానివెంట నోట్ల కట్ట.

"చూశావా అమ్మా?" అన్నాడు పెద్దన్న చిన్నమ్మ రాగానే.

"చూశాను బావగారూ. పని నేనొక్కదాన్నే చెప్పాలన్న కట్టుబాటు మనమే తప్పాం. దానికి తప్పు అతనిదెలా అవుతుంది?"

గుమాస్తాను మళ్ళీ రెండు వారాలు గోడౌనుకే పంపింది. వెళ్ళేముందు ఒక తెల్లకాగితం ఇచ్చి, ఆ రోజు ఏం జరిగిందో గుర్తున్నంత రాయమంది. అతను రాసి తెచ్చింది మూడు ముక్కలు: "ముందు రాత్రి నిద్ర లేదు. చెవుల్లో హోరు మొదలైంది. హోరు మొదలైన పది నిమిషాలకు కోపం వచ్చింది."

చిన్నమ్మ అది చదివి, "అయితే మనకు పది నిమిషాలున్నాయి" అంది.

అప్పటినుంచి చెవుల్లో హోరు మొదలైతే గుమాస్తా పెన్నుకు మూత పెట్టి లేచి వేపచెట్టు కిందికి వెళ్ళేవాడు. ఎవరూ ఎందుకని అడక్కూడదు. మేస్త్రీయో కుర్రవాడో ఆ కుర్చీలో కూర్చునేవారు. పావుగంటకు అతను తిరిగి వచ్చేవాడు. మొదట్లో పూటకు మూడుసార్లు లేచేవాడు. దీపావళి నాటికి రోజుకొకసారి. తను కోపగించుకున్న రైతులందరి ఇళ్ళకూ తనే వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాడు. వాళ్ళలో "తాగొచ్చాడా" అన్న రైతు కూడా ఉన్నాడు.

మళ్ళీ ఖరీఫు కోతలు వచ్చాయి. సీజన్ రద్దీలో కాటా మీద అతను ఒక్కడే కూర్చోలేదు. ఇప్పుడు అక్కడ ఇద్దరు. పొద్దుటి పూట తూకం అతనిది, ఎండెక్కాక కుర్రవాడిది. గోడౌను రిజిస్టరు, పట్టీల సరిపోలిక పూర్తిగా అతనివే. గోడ మీది అట్ట అలాగే ఉంది. కొత్తగా చేరిన హమాలీ కుర్రాళ్ళకు పని నేర్పడానికి మేస్త్రీ ఇప్పుడు దాన్నే చూపిస్తున్నాడు. ఇంట్లో పిల్లలు మళ్ళీ నాన్న పక్కన కూర్చుని లెక్కలు చేసుకుంటున్నారు.

ఒకరోజు పెద్దన్న, "వేళ్ళతో నలిపి తేమ చెప్పేవాడు, పది బండ్లు ఒక్క చేత్తో నడిపేవాడు. ఆ పాతవాడు ఇక రాడా అమ్మా?" అన్నాడు.

"రాడు బావగారూ. వచ్చినవాడు ఇతను. రిజిస్టరు చూడండి, తప్పుంటే చెప్పండి."

పెద్దన్న రిజిస్టరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పాడు. తప్పు దొరకలేదు. ఆ నెల నుంచి అతనికి పూర్తి రోజు జీతం రాశాడు.

నీతి: తలకు దెబ్బ తగిలినవాడు పాత మనిషి అయ్యాక పని ఇద్దామని ఆగకండి. పనిని విడదీసి, అతనికి అందే ముక్క ముందు ఇవ్వండి. పని దొరికాకే మనిషి కుదురుకుంటాడు.

ఈ కథలోని మిల్లు కల్పితం. అందులోని బాధ మాత్రం మన ఊళ్ళ నిండా ఉంది. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. 4,43,366 మంది గాయపడ్డారు. హెల్మెట్ లేకపోవడం వల్ల చనిపోయినవారే 50,029 మంది. చనిపోయినవారిని లెక్కపెట్టి బాధపడతాం. తలకు దెబ్బ తగిలి బతికి ఇంటికి వచ్చినవాళ్ళు తిరిగి పనిలో చేరారా లేదా అని ఆరా తీసేవాళ్ళు తక్కువ.

వాళ్ళ కష్టం కంటికి ఆనదు. తల దేనికైనా బలంగా తగిలినప్పుడు మెదడు పుర్రె లోపల ఊగుతుంది. నుదుటి వెనక భాగం, కణతల పక్క భాగం లోపలి గరుకు ఎముకకు రాసుకుంటాయి. ఒక భాగాన్ని ఇంకో భాగంతో కలిపే సన్నని నరపు పోగులు సాగి తెగుతాయి. ఈ తెగిన పోగులు కొన్నిసార్లు స్కానింగులో కూడా కనిపించవు. ముందేది చెయ్యాలి, తర్వాతేది అని వరస పెట్టుకోవడం, వచ్చిన కోపాన్ని ఆపుకోవడం, రెండు మాటలు ఒకేసారి వినడం నుదుటి వెనక భాగం చూసుకునే పనులు. అవి దెబ్బతింటే, మామూలు మనిషి ఆలోచించకుండా చేసే పనికి కూడా ఈ మనిషి బోలెడు శక్తి ఖర్చుపెట్టాలి. అందుకే మధ్యాహ్నం కాకముందే అలసిపోతాడు. దాన్ని మనం సోమరితనం అంటాం, పొగరు అంటాం, తాగుడు అంటాం. కాలు విరిగినవాడిని ఎవరూ అలా అనరు.

ఆసుపత్రిలో తలదెబ్బ తీవ్రతను గ్లాస్గో కోమా స్కేలుతో కొలుస్తారు. 1974లో గ్రాహం టీస్‌డేల్, బ్రయాన్ జెన్నెట్ అనే వైద్యులు తయారుచేసిన కొలత అది. కళ్ళు తెరవడం, మాట, కదలిక చూసి 3 నుంచి 15 వరకు అంకె వేస్తారు. మొదటి గంటల్లో ప్రాణం కాపాడటానికి ఆ అంకె చాలా ముఖ్యం. ఆర్నెల్ల తర్వాత ఆ మనిషి ఏ పనికి సరిపోతాడో అది చెప్పదు. ఆ సంగతి చెప్పగలిగేది ఇంట్లో రోజూ చూసే భార్య, తల్లి, పనిచోట పక్కన నిలబడే మేస్త్రీ.

ప్రపంచంలో తలదెబ్బ గురించి అందరూ చెప్పుకునే పాత కథ ఒక రైలుమార్గపు మేస్త్రీది. పేరు ఫినియస్ గేజ్. 1848 సెప్టెంబరు 13న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో బండలు పేల్చుతుండగా, ఆరు కిలోల ఇనుప కడ్డీ అతని చెంప కింద దూరి నడినెత్తి మీదుగా బయటికి పోయింది. అతను బతికాడు. అంతకు ముందు అతన్ని తమ దగ్గరున్న అందరిలోకి సమర్థుడైన మేస్త్రీగా ఎంచిన కాంట్రాక్టర్లే, మనిషి మారిపోయాడని తిరిగి ఆ పని ఇవ్వలేదు. చాలామంది చెప్పే కథ ఇక్కడితో ఆగిపోతుంది. తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. గేజ్ ముందు ఒక గుర్రపుశాలలో పనిచేశాడు. 1852లో చిలీ దేశం వెళ్ళి, వల్పరాయిసో నుంచి సాంటియాగోకు గుర్రపు బండ్లు తోలాడు. ఆ పని ఏళ్ళ తరబడి చేశాడు. రోజూ ఒకే వేళకు లేవడం, గుర్రాలు పూన్చడం, తెలిసిన దారిలో తోలడం. వరస తప్పని ఆ పనే అతన్ని చాలావరకు నిలబెట్టిందని, ఇప్పుడు అతని జీవితాన్ని శ్రద్ధగా పరిశీలించినవారు అంటున్నారు. 170 ఏళ్ళ క్రితం ఇప్పటి వైద్యం లేని రోజుల్లో పని చేసిన మేలు అది.

మన దగ్గరి మాట చెప్పుకుందాం. సినీ నటుడు సాయి ధరమ్ తేజ్ 2021 సెప్టెంబరు 10న హైదరాబాద్‌లో బైకు మీదినుంచి పడి కొన్నాళ్ళు కోమాలో ఉన్నారు. హెల్మెట్టే తన ప్రాణం కాపాడిందని, ఆ తర్వాత మాట కూడా మళ్ళీ కూడదీసుకోవాల్సి వచ్చిందని ఆయన బహిరంగంగానే చెప్పారు. 2023 ఏప్రిల్‌లో ఆయన 'విరూపాక్ష' విడుదలైంది. పేరున్న నటుడికి కూడా తిరిగి తెర మీదికి రావడానికి ఏడాదిన్నర దాటింది. మన మిల్లు గుమాస్తాకు తొమ్మిది రోజుల గడువు న్యాయమా?

చట్టం ఏమంటోంది? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షను ప్రకారం, ప్రభుత్వ సంస్థలో పనిచేస్తూ వైకల్యం పాలైన ఉద్యోగిని తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు. ఉన్న పనికి సరిపోకపోతే అదే జీతంతో ఇంకో పనికి మార్చాలి. అలాంటి పని ఖాళీ లేకపోతే, దొరికేవరకో పదవీ విరమణ వరకో అదనపు పోస్టు సృష్టించి అందులో ఉంచాలి. రాయచూరు జిల్లాలో శక్తినగర్ థర్మల్ కేంద్రం, హట్టి బంగారు గనులు ప్రభుత్వ రంగ సంస్థలే. అక్కడి ఉద్యోగులకు, వాళ్ళ ఇంటివాళ్ళకు ఈ సెక్షను తెలిసి ఉండాలి. పనికి రాలేనని సంతకం పెట్టమని ఎవరైనా కాగితం చాపితే, ముందు ఈ సెక్షను చదివించుకోవాలి.

రెండు లోట్లున్నాయి. ఈ రక్షణ రైస్ మిల్లు గుమాస్తాకు, జిన్నింగ్ మిల్లు కూలీకి, బట్టల కొట్టు కుర్రవాడికి వర్తించదు. చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో మెదడు దెబ్బ అన్న పేరు విడిగా లేదు. చెయ్యి పడిపోతే, మాట పోతే సర్టిఫికెట్టు దొరుకుతుంది. మతిమరుపు, అలసట, ఆగని కోపం ఏ గడిలోనూ కుదురుగా ఇమడవు. ఆ జాబితాలో మెదడు దెబ్బను పేరుపెట్టి చేర్చాలి.

పెద్ద వైద్యానికి రాయచూరు వాళ్ళు ఇంకా రాత్రంతా ప్రయాణం చేసి బెంగళూరు నిమ్హాన్స్‌కు, లేదా హైదరాబాద్‌కు వెళ్తున్నారు. ఎయిమ్స్ తమ జిల్లాకే కావాలని 2022లో ధర్నా మొదలుపెట్టారు. అది న్యాయమైన కోరిక. అయితే ఎంత పెద్ద ఆసుపత్రి వచ్చినా అది మనిషిని గేటు దాకానే తీసుకొస్తుంది. గేటు అవతల మిల్లు ఉంది, కొట్టు ఉంది, పొలం ఉంది. అక్కడ జరగాల్సింది మన చేతుల్లోనే ఉంది.

కుటుంబాలకు ఒక మాట. డాక్టరు అనుమతి లేకుండా తొందరపడి పంపకండి. ఫిట్స్ మాత్రలు సొంతంగా ఆపకండి. ఎత్తుల మీది పని, తిరిగే మిషన్ల దగ్గరి పని, బండి తోలే పని డాక్టరు సరేనన్నాకే. మనిషి ఏ వేళ బాగుంటున్నాడో, దేనికి చెడుతున్నాడో ఒక పుస్తకంలో రాయండి. ఆ పుస్తకం యజమాని చేతికివ్వండి.

యజమానులకు ఒక మాట. మీ దగ్గర పనిచేసి, తలకు దెబ్బ తగిలి ఇంట్లో కూర్చున్న మనిషి ఉంటే ఈ వారమే వాళ్ళింటికి వెళ్ళండి. వెళ్ళేముందు అతను చేసిన పనిని ఒక కాగితం మీద ముక్కలుగా రాయండి. హోరు లేనిది, తొందర లేనిది, జనం లేనిది ఒక్కటి చూసుకోండి. రోజుకు రెండు గంటలు, పని చెప్పే మనిషి ఒక్కరు, పక్కన తోడుగా ఒక్కరు, చేసిన గంటలకు జీతం. అక్కడ మొదలుపెట్టండి. ఒక పూట తప్పితే ఒక ముక్క వెనక్కి వెళ్ళండి, మనిషిని మాత్రం ఇంటికి పంపకండి.